మోకాలి లిగమెంట్ దెబ్బతింటే ఏం చేయాలి: మొదటి గంట నుంచి మళ్లీ పరుగు దాకా

పరుగెత్తుతూ గభాలున దిశ మార్చారు. పాదం నేలకు అతుక్కుపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. మోకాలి లోపల ‘టప్’మని ఏదో తెగినట్టు అనిపించింది. రెండు మూడు గంటలు తిరక్కుండానే మోకాలు బూరెలా పొంగింది. ఇంతవరకూ ఎవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. పొరపాటు జరిగేది మూడో వారంలో. అప్పటికి వాపు తగ్గిపోతుంది, నొప్పి పోతుంది, నడక మామూలైపోతుంది. ‘బెణికింది, తగ్గిపోయింది’ అనుకుని మళ్లీ ఆటకో, బరువు పనికో వెళ్తారు. అక్కడ మోకాలు ఇంకోసారి జారుతుంది. ఈసారి లిగమెంటుతో పాటు మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్త) కూడా చిరిగే ప్రమాదం ఉంది.

ఎందుకిలా అంటే, మొదట్లో వచ్చే నొప్పిలో చాలాభాగం కీలులోకి కారిన రక్తం వల్ల, దాంతో బిగిసిపోయిన కీలు సంచి వల్ల వచ్చేది. రక్తం ఇంకిపోగానే నొప్పీ పోతుంది. తెగిన లిగమెంటు మాత్రం తెగినట్టే ఉంటుంది. కాబట్టి ఈ గాయంలో నొప్పిని కొలబద్దగా పెట్టుకోకండి. మోకాలికి పట్టు ఎంత ఉంది, తొడకు బలం ఎంత ఉంది, ఈ రెండే చూడండి.

ముందుగా: ఏ లిగమెంటు ఏ పని చేస్తుంది

లిగమెంటు అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీ. మోకాలిలో ముఖ్యమైనవి నాలుగు. కీలు మధ్యలో కత్తెరలా ఒకదానికొకటి అడ్డంగా ఉండేవి రెండు: ముందుది ఏసీఎల్, వెనకది పీసీఎల్. కీలుకు అటూ ఇటూ ఉండేవి మరో రెండు: లోపలివైపు, అంటే రెండో కాలి వైపు ఉండేది ఎంసీఎల్, బయటివైపుది ఎల్‌సీఎల్.

కింది కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా పట్టుకునేది ఏసీఎల్. అదే ఎముక వెనక్కి పోకుండా ఆపేది పీసీఎల్. మోకాలు లోపలికి వంగిపోకుండా ఎంసీఎల్, బయటికి వంగిపోకుండా ఎల్‌సీఎల్ కాపలా కాస్తాయి. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య మెత్తల్లా రెండు మెనిస్కస్‌లు ఉంటాయి. అవి లిగమెంట్లు కావు గానీ లిగమెంటు దెబ్బల్లో తరచూ అవీ చిరుగుతాయి.

ఇంకో సంగతి ఇక్కడే తెలిస్తే తర్వాత చెప్పే వైద్యం సులభంగా అర్థమవుతుంది. ఎంసీఎల్ కీలు సంచికి అంటుకుని, రక్తం బాగా అందే చోట ఉంటుంది. తెగినా గడ్డకట్టిన రక్తం వంతెనలా నిలిచి, దాని మీద కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఏసీఎల్ కీలు ద్రవంలో మునిగి ఉంటుంది. అక్కడ గడ్డ నిలవదు, కరిగిపోతుంది. తెగిన రెండు కొసలు ఒకదాన్నొకటి అందుకోలేవు. అందుకే పూర్తిగా తెగిన ఎంసీఎల్ కూడా బ్రేస్‌తో (మోకాలికి ఆసరాగా కట్టే పరికరంతో) అతుక్కోవచ్చు గానీ, పూర్తిగా తెగిన ఏసీఎల్ దానంతటది గట్టిగా అతుక్కోవడం అరుదు.

దెబ్బ ఎలా తగిలిందో గుర్తుచేసుకోండి

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. కాలు ఏ దిక్కుకు మెలిపడింది? శబ్దం వచ్చిందా? వాపు ఎన్ని గంటలకు వచ్చింది? దెబ్బ తగిలాక ఆట, పని కొనసాగించగలిగారా? పరీక్ష చేయకముందే వీటితో సగం సంగతి తేలుతుంది.

ఎవరూ తాకకుండానే, ఎగిరి కిందికి దిగేటప్పుడో గబుక్కున ఆగి తిరిగినప్పుడో మోకాలు పోయి, లోపల శబ్దం వచ్చి, ఆరు గంటల్లోపే బాగా ఉబ్బితే మొదటి అనుమానం ఏసీఎల్ మీదే. అంత త్వరగా వచ్చిన వాపంటే లోపల రక్తం చేరినట్టు. మోకాలిచిప్ప పక్కకు తొలగినా, ఎముక విరిగినా ఇలాగే ఉబ్బుతుంది, కాబట్టి ఆ రెండూ కాదని తేల్చుకోవాలి. పడుకుని లేచేసరికి మర్నాడు వాపు కనిపిస్తే మెనిస్కస్ చిరిగి ఉండొచ్చు. బయటివైపు నుంచి దెబ్బ తగిలి, లోపలివైపు మాత్రమే వేలు పెడితే నొప్పి, అక్కడే కొద్దిగా వాపు ఉంటే అది ఎంసీఎల్. మడిచిన మోకాలు ముందు నుంచి గుద్దుకుంటే, ఉదాహరణకు కారు ప్రమాదంలో డ్యాష్‌బోర్డుకు తగిలితే, పీసీఎల్ పోతుంది. పీసీఎల్ దెబ్బలో శబ్దం, పెద్ద వాపు లేకపోవచ్చు. అందుకే దాన్ని చాలామంది నెలల తర్వాత, మెట్లు దిగుతుంటే ఏదో తేడాగా ఉందని అనిపించినప్పుడు గానీ కనుక్కోరు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

పాదం చల్లబడినా, పాలిపోయినా, మొద్దుబారినా, పాదాన్ని పైకి ఎత్తలేకపోయినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి. మోకాలు కీలే పూర్తిగా తప్పి, దానంతటది మళ్లీ సర్దుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. మోకాలి వెనక ఉండే పెద్ద రక్తనాళం చిరిగిందంటే కాలిని కాపాడుకోవడానికి ఉండే సమయం గంటల్లోనే. ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటితే కాలు దక్కడం కష్టమవుతుంది. బయటికి మోకాలు వంకర లేకుండా కనిపించినా సరే, ఒకేసారి రెండు మూడు లిగమెంట్లు పోయినట్టు వదులుగా ఊగుతుంటే ఇలాంటి ప్రమాదంగానే చూడాలి.

ఎక్స్‌రే ఎవరికి తప్పనిసరి అన్నదానికి అత్యవసర విభాగాల్లో వాడే ఒట్టావా నియమాలు ఉన్నాయి. వయసు 55 లేదా అంతకు మించినా, మోకాలిచిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలి బయటివైపు కొంచెం కింద ఉండే ఎముక బొడిపె మీద నొప్పి ఉన్నా, మోకాలు 90 డిగ్రీలు మడవలేకపోయినా, దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రిలోనూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. కుంటుతూ వేసిన అడుగు కూడా అడుగు కిందే లెక్క.

మోకాలు ఒక కోణం దగ్గర బిగుసుకుపోయి, ఎంత ప్రయత్నించినా చాపలేకపోతే చిరిగిన మెనిస్కస్ ముక్క మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని బలవంతంగా లాగి చాపించకండి, ఎవరినీ లాగనివ్వకండి. కొద్దిరోజుల్లోనే సర్జన్‌కు చూపించాలి.

మొదటి మూడు రోజులు

ఐస్ ప్యాక్ తడిగుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి చాలు. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలు అనుకోవద్దు. మోకాలి బయటివైపు బొడిపె కిందుగా చర్మానికి దగ్గర్లోనే ఒక నరం వెళ్తుంది. అక్కడ ఐస్ గంటలకొద్దీ కట్టి వదిలేస్తే ఆ నరం మొద్దుబారి పాదం వేలాడిపోయిన సందర్భాలు ఉన్నాయి.

క్రేప్ బ్యాండేజీ చాలామంది మోకాలి దగ్గర మొదలుపెట్టి మోకాలి దగ్గరే ముగిస్తారు. అలా చేస్తే నీరంతా పిక్కలోకి దిగుతుంది. 10 లేదా 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది తీసుకోండి. మోకాలు కాస్త మడిచి, పిక్క మధ్యలో రెండు చుట్లు చుట్టి మొదలుపెట్టండి. పైకి వెళ్తూ ఒక్కో చుట్టు ముందరి చుట్టును సగం కప్పాలి. తొడ మధ్య దాకా వెళ్లి ఆపండి. బ్యాండేజీ ఎంత సాగగలదో అందులో సగమే లాగండి. కట్టాక కాలి బొటనవేలి గోరు నొక్కి వదలండి: తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా కట్టండి. పడుకునేటప్పుడు తీసేయండి.

కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది చేసే తప్పు, మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకుని హాయిగా మడిచి పడుకోవడం. మడిస్తే సుఖంగా ఉంటుంది, నిజమే. కానీ అలా వారం పది రోజులు గడిస్తే మోకాలు నిటారుగా చాపడం పోతుంది. దిండు మడమ కింద, పిక్క కింద పెట్టండి. మోకాలి కింద ఖాళీగా ఉండనివ్వండి.

మొదటి 72 గంటలు కాపడం, మర్దన, మద్యం, పరుగు నాలుగూ వద్దు. మొదటి మూడూ లోపలి రక్తస్రావాన్ని పెంచుతాయి, నాలుగోది మిగిలిన లిగమెంటును కూడా తెంపొచ్చు. నొప్పికి పెద్దవాళ్లు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు లేదా ఒక గ్రాము, కనీసం 4 నుంచి 6 గంటల తేడాతో వేసుకోవచ్చు. 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు అంతకన్నా తక్కువే వాడాలి, ఎంతన్నది డాక్టరును అడగాలి. ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, గర్భిణులకు సొంతంగా వేసుకోదగినవి కావు.

చంకకర్రలు వాడాల్సి వస్తే, పై భాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. చేతులు కిందికి వేలాడేసినప్పుడు పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. బరువు అరచేతుల మీద వేయండి. చంకల మీద వాలితే అక్కడి నరం నలిగి మణికట్టు పైకి లేవకుండా పోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు, కర్రలు ముందు. ఒకే కర్ర వాడే దశకు వచ్చాక దాన్ని మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. దెబ్బ తగిలిన వైపే పట్టుకునేవాళ్లు ఎంతమందో! అలా పట్టుకుంటే బరువంతా నొప్పి కాలి మీదే పడుతుంది.

పరీక్షలు ఎప్పుడు, ఏవి

మొదటి రోజు వాపు, నొప్పి వల్ల తొడ వెనక కండరం బిగుసుకుని ఉంటుంది. ఆ బిగువు తెగిన ఏసీఎల్‌ను కప్పేస్తుంది. కాబట్టి మొదటి పరీక్షలో ‘ఏమీ లేదు’ అన్నా, వారం పది రోజులకు మళ్లీ చూపించుకోండి.

ఏసీఎల్‌కు నమ్మకమైన చేతి పరీక్ష లాక్‌మన్ పరీక్ష. మోకాలు 20 నుంచి 30 డిగ్రీలు మడిచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టి, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగుతారు. మంచి కాలిలో లాగితే తాడు బిగిసినట్టు టక్కున ఆగుతుంది. తెగిన కాలిలో ఆ ఆగడం ఉండదు, మెత్తగా జారిపోతుంది. ఎంత జారింది అన్నదాని కన్నా ఎలా ఆగింది అన్నదే అనుభవమున్న చేతికి ఎక్కువ చెబుతుంది. ఎప్పుడూ ముందు మంచి కాలిని చూడాలి, ఎందుకంటే కొందరి కీళ్లు పుట్టుకతోనే వదులు. ఎంసీఎల్‌ను మోకాలు 30 డిగ్రీలు మడిచి ఒకసారి, నిటారుగా చాపి ఒకసారి పక్కకు వంచి చూస్తారు. చాపినప్పుడు కూడా వదులుగా ఉంటే ఎంసీఎల్ ఒక్కటే కాదు, ఇంకేదో కూడా పోయింది. పీసీఎల్‌కు వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్లూ 90 డిగ్రీలు మడిచి పక్కనుంచి చూస్తే, దెబ్బతిన్న వైపు మోకాలి కింది ఎముక లోపలికి కుంగి కనిపిస్తుంది. ఈ పరీక్షలు ఇంట్లో ఒకరి మీద ఒకరు చేసుకోవద్దు.

ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు. లిగమెంటు ఊడదీసుకొచ్చిన ఎముక పెచ్చు కనబడుతుంది. పెరిగే వయసు పిల్లల్లో ఏసీఎల్ తెగే బదులు దాని కింది కొస ఎముక ముక్కతో సహా ఊడిరావచ్చు, కాబట్టి వాళ్లకు ఎక్స్‌రే తప్పకుండా చూడాలి. మెనిస్కస్, మృదులాస్థి పరిస్థితి తెలియాలంటే ఎంఆర్‌ఐ కావాలి. అయితే ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘పాక్షికంగా తెగింది’ అని ఉన్నంత మాత్రాన నిర్ణయానికి రాకూడదు. చేతి పరీక్షలో మోకాలు గట్టిగా ఉందా, జారుతోందా అన్నదే వైద్యాన్ని నిర్ణయిస్తుంది.

ఏ దెబ్బకు ఏ వైద్యం

దెబ్బను మూడు గ్రేడ్‌లుగా చెబుతారు. మొదటి గ్రేడ్‌లో పోగులు సాగాయి గానీ మోకాలు గట్టిగానే ఉంది. రెండో గ్రేడ్‌లో కొన్ని పోగులు తెగి కాస్త వదులైంది. మూడోది పూర్తిగా తెగడం. పూర్తిగా తెగినప్పుడు నొప్పి రెండో గ్రేడ్ కన్నా తక్కువ ఉండొచ్చు. లాగడానికి పోగులే మిగలలేదు మరి.

ఎంసీఎల్ మొదటి గ్రేడ్ అయితే ఒకటి నుంచి మూడు వారాలు, రెండోది మూడు నుంచి ఆరు వారాలు, మూడోది ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు, మూడు గ్రేడ్‌లకు పక్కల కీలు ఉన్న బ్రేస్ వేస్తారు. అది మోకాలిని మడవనిస్తుంది, పక్కకు మాత్రం వంగనివ్వదు. పూర్తిగా కదలకుండా పిండికట్టు వేస్తే లిగమెంటు బలహీనంగా అతుకుతుంది, మోకాలు బిగుసుకుపోతుంది. కొద్దికొద్దిగా కదులుతుంటేనే కొత్త పోగులు సరైన దిశలో అల్లుకుంటాయి.

పీసీఎల్ ఒక్కటే దెబ్బతింటే సాధారణంగా ఆపరేషన్ లేకుండానే నెట్టుకురావచ్చు. ఇందులో కింది ఎముకను వెనక్కి లాగే తొడ వెనక కండరం వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా ముట్టుకోకూడదు. ముందు తొడ కండరాన్నే పెంచాలి. ఎల్‌సీఎల్ పూర్తిగా తెగి, దాంతో పాటు మోకాలి వెనక బయటి మూలలోని కట్లు కూడా పోతే లెక్క వేరు. దాన్ని మొదటి రెండు మూడు వారాల్లోనే ఆపరేషన్‌తో సరిచేయడం మేలు, ఆలస్యమైతే కణజాలం అతుకులు పడి విడదీయడం కష్టమవుతుంది.

ఏసీఎల్: ఆపరేషన్ కావాలా, వద్దా

తెగిన ప్రతి ఏసీఎల్‌కూ ఆపరేషన్ అక్కర్లేదు. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో చురుగ్గా ఉండే 121 మంది యువతను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్ చేశారు. రెండో గుంపుకు ముందు వ్యాయామాలు, మోకాలు జారుతూనే ఉంటే అప్పుడు ఆపరేషన్ అన్నారు. రెండేళ్లకు రెండు గుంపుల పరిస్థితి ఇంచుమించు ఒకేలా ఉంది. రెండో గుంపులో సుమారు సగం మందికి ఐదేళ్లయినా ఆపరేషన్ అవసరం పడలేదు. మిగతా సగానికి పడింది అన్నది కూడా మర్చిపోకూడదు.

ఫుట్‌బాల్, కబడ్డీ, బాస్కెట్‌బాల్ లాంటి గిరుక్కున తిరిగే ఆటలకు తిరిగి వెళ్లాలనుకునే యువకులకు, వ్యాయామం చేస్తున్నా మోకాలు పదేపదే జారేవాళ్లకు, కుట్టి బాగుచేయదగ్గ మెనిస్కస్ చిరుగు ఉన్నవాళ్లకు ఆపరేషన్ వైపే మొగ్గాలి. నడక, ఈత, సైకిల్, కుర్చీలో పని, ఇంతవరకే కావాల్సినవాళ్లు మూడు నెలలు క్రమంగా వ్యాయామం చేసి చూసి నిర్ణయించుకోవచ్చు. ఒక్క షరతు: ఆ మూడు నెలల్లో మోకాలు ఒక్కసారి కూడా జారకూడదు. జారిన ప్రతిసారీ మెనిస్కస్ మీద గీత పడుతున్నట్టే లెక్కపెట్టుకోండి.

ఆపరేషన్ అనుకున్నా తొందరపడకండి, ఇరుక్కున్న మెనిస్కస్ లాంటి కారణం ఉంటే తప్ప. ఉబ్బి, బిగిసిన మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చలు కట్టి అది శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. వాపు దాదాపు తగ్గిపోయి, మోకాలు మంచి కాలితో సమానంగా చాపగలిగి, చాపిన కాలిని వంగకుండా ఎత్తగలిగి, కుంటకుండా నడవగలిగాకే బల్ల ఎక్కాలి. సాధారణంగా ఇందుకు మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

తెగిన ఏసీఎల్‌ను మామూలుగా కుట్టరు. మీ సొంత కాలి నుంచే పట్టీ తీసి ఆర్థ్రోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే పద్ధతితో) కొత్తది అమరుస్తారు. మోకాలిచిప్ప కింది స్నాయువు (టెండన్) నుంచి తీసిన పట్టీ గట్టిగా పడుతుంది, కానీ తర్వాత మోకాళ్ల మీద కూర్చుంటే ముందు భాగంలో నొప్పి ఉంటుంది. తొడ వెనక స్నాయువులు తీస్తే ఆ నొప్పి తక్కువ, కాలు మడిచే బలం కొంత తగ్గుతుంది. తొడ ముందు స్నాయువు మూడో దారి. దాత నుంచి తీసిన పట్టీ కుర్రవాళ్లలో ఎక్కువగా తెగుతుంది, వాళ్లకు అది వద్దు. మీ పనిలో మోకాళ్ల మీద కూర్చోవాల్సి ఉంటుందా అన్నది సర్జన్‌కు ముందే చెప్పండి.

వ్యాయామాలు: ఆపరేషన్ ఉన్నా లేకున్నా ఇక్కడి నుంచే

మోకాలిలో నీరు ఉంటే తొడ ముందు కండరాన్ని మెదడు ఆపేస్తుంది. మీరు బద్ధకించడం కాదు, కండరానికి ఆజ్ఞ అందడం లేదు. రెండు వారాల్లో తొడ చిక్కిపోవడం కంటికే తెలుస్తుంది. అందుకే మొదటి పని ఆ కండరాన్ని లేపడం.

కాలు చాపి కూర్చుని మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టండి. దాన్ని నేలకేసి నొక్కుతున్నట్టు తొడ బిగించండి. మోకాలిచిప్ప పైకి, తుంటి వైపు జరగాలి. చిప్పకు పైన, లోపలివైపు రెండు వేళ్లు ఆనించి చూడండి: అక్కడి కండరం రాయిలా గట్టిపడాలి. పిరుదు పైకి లేస్తోందంటే తొడ బదులు దాన్ని వాడుతున్నారు. ఐదు సెకన్లు బిగించి వదలండి. పదిసార్లు ఒక విడత, రోజుకు ఐదారు విడతలు.

అది వచ్చాక, వెల్లకిలా పడుకుని తొడ బిగించి, కాలు నిటారుగా 30 సెంటీమీటర్ల ఎత్తుకు లేపండి. పదేసి మూడు విడతలు. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెమైనా వంగితే ఇంకా సమయం రాలేదు, మళ్లీ మొదటి వ్యాయామానికి వెళ్లండి.

చాపడం కోసం మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి వెనక ఖాళీ వదిలి, ఐదు నుంచి పది నిమిషాలు అలాగే ఉంచండి, రోజుకు మూడు నాలుగుసార్లు. లెక్క ఇంట్లోనే చూసుకోవచ్చు. బోర్లా పడుకుని మోకాళ్లు మంచం అంచుకు బయట ఉండేలా కాళ్లు వదిలేయండి. రెండు మడమల ఎత్తుల్లో ఎన్ని సెంటీమీటర్ల తేడా ఉందో ఎవరితోనైనా కొలిపించండి. ఒక సెంటీమీటరు అంటే సుమారు ఒక డిగ్రీ. ఐదు సెంటీమీటర్ల తేడా మిగిలిపోతే కుంటి నడక మిగలొచ్చు, తొడ కండరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. మడవడం ఆలస్యంగానైనా వస్తుంది, చాపడం మాత్రం మొదటి వారాల్లో పోగొట్టుకుంటే తిరిగి రావడం కష్టం. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు చాపడం మళ్లీ తగ్గుతూ, ముందు భాగంలో ఏదో అడ్డుపడుతున్నట్టుంటే లోపల మచ్చ గడ్డ కట్టి ఉండొచ్చు. సాగదీస్తూ కూర్చోకుండా సర్జన్‌కు చూపించండి.

మడవడానికి పడుకుని మడమను పిరుదు వైపు జార్చండి. సుమారు రెండు వారాలకు 90 డిగ్రీలు, ఆరు వారాలకు 120 వస్తే దారిలో ఉన్నట్టే. మెనిస్కస్ కుట్టి ఉంటే మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు 90 దాటనివ్వకపోవచ్చు, బరువు మోపడానికీ పరిమితి పెట్టొచ్చు. ఆ సందర్భంలో సర్జన్ రాసిచ్చిన హద్దే పాటించండి. మడత 105–110 దాకా వచ్చాక సీటు ఎత్తుగా పెట్టి నిలకడ సైకిల్ తొక్కవచ్చు. తర్వాత గోడకు ఆనుకుని సగం గుంజీళ్లు, చిన్న మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. అద్దం ముందు చేయండి. మోకాలు బొటనవేలి లోపలికి వాలుతుంటే ఆపి, మెట్టు ఎత్తు తగ్గించండి. కాలు చాపుతూ బరువు ఎత్తే మెషీన్‌ను మొదట్లో 90 నుంచి 45 డిగ్రీల మధ్యే వాడాలి. చివరి 40 డిగ్రీల్లో కొత్త పట్టీ మీద లాగుడు ఎక్కువ.

ఎంత చేయాలి అన్నదానికి మోకాలే జవాబిస్తుంది. రోజూ ఉదయం ఒకే సమయానికి చిప్ప మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి రాసుకోండి. నిన్నటి కన్నా ఒక సెంటీమీటరు పెరిగితే నిన్న ఎక్కువ చేసినట్టు. ఆ రోజు సగానికి తగ్గించండి. వ్యాయామం తర్వాతి నొప్పి 24 గంటల్లో తగ్గకపోయినా అంతే.

ఆపరేషన్ తర్వాత మోసం చేసే నెలలు

ఆరో వారం నుంచి మూడో నెల దాకా మోకాలు చాలా హుషారుగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కొత్త పట్టీ అతి బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు ఇంకా లోపలికి పాకుతుంటాయి. పిల్లల వెంట పరుగు, బస్సు కోసం గెంతు, తడి నేల మీద జారడం ఈ కాలంలోనే పట్టీని తెంపుతాయి. తిన్నగా జాగింగ్ మూడు నెలల తర్వాతే, అదీ వాపు లేకుండా, తొడ బలం మంచి కాలిలో 70 శాతమైనా వచ్చాక. కుర్చీ పనికి ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చు. బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కుడి మోకాలైతే కారు నడపడం నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, బ్రేకును గట్టిగా, భయం లేకుండా తొక్కగలిగితేనే.

పిక్క వాచి నొప్పెడితే కాలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూపించండి. దాంతో ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అత్యవసరం. జ్వరంతో మోకాలు ఎర్రబడి కాలిపోతున్నా, గాయం నుంచి చీము కారినా అదే రోజు వెళ్లండి.

మళ్లీ ఆటకు ఎప్పుడు

తొమ్మిది నెలలకు ముందు వద్దు. 2016లో వచ్చిన అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ దెబ్బతినే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. క్యాలెండరు ఒక్కటే సరిపోదు, తొడ బలం, ఒంటికాలి గెంతు పరీక్షలు మంచి కాలిలో 90 శాతం దాటాలి. మంచి కాలితో 120 సెంటీమీటర్లు గెంతితే దెబ్బతిన్న కాలితో 108 రావాలి. ఒక్క గెంతు, వరసగా మూడు, గీతకు అటూ ఇటూ మూడు, ఆరు మీటర్ల దూరాన్ని గెంతుతూ ఎన్ని సెకన్లలో దాటారు: ఇవీ ఆ నాలుగు పరీక్షలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇన్ని నెలల్లో మంచి కాలు కూడా నీరసపడుతుంది కాబట్టి, దానితో పోల్చి 90 శాతం వచ్చిందని మురిసిపోకండి. దెబ్బ తగిలిన మొదటి వారాల్లోనే మంచి కాలి కొలతలు రాసి పెట్టుకుంటే ఆ లెక్క నమ్మదగినదవుతుంది.

ఆటకు వచ్చాక ప్రతి సాధనకు ముందు 20 నిమిషాలు ఫిఫా 11+ (ఫుట్‌బాల్ ఆటగాళ్లకు గాయాలు తగ్గించే కార్యక్రమం) లాంటి సన్నాహక వ్యాయామాలు చేయండి: నెమ్మది పరుగు, ప్లాంక్, తొడ వెనక కండరాల వ్యాయామం, ఒంటికాలి నిలకడ, గెంతి మెత్తగా దిగడం, దిశ మార్చడం. వారానికి రెండుసార్లకు తగ్గితే ఫలితం కనిపించదు. ఒకే రకం ఆటల్లో ఏసీఎల్ తెగే ముప్పు అబ్బాయిల కన్నా అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి అమ్మాయిల జట్లలో ఇది తప్పనిసరిగా ఉండాలి. గెంతి దిగేటప్పుడు రెండు మోకాళ్లూ ఒకదానికొకటి తాకేలా లోపలికి వాలుతుంటే, ఇంకా ఏ దెబ్బా తగలకపోయినా, దిగే పద్ధతిని ఫిజియోథెరపిస్టు దగ్గర ఇప్పుడే సరిచేయించుకోండి.